ఒక్క లేన్ మూసుకుపోతే నగరమంతా ఎందుకు ఆగిపోతోంది? రెండో వంతెన కడితే తీరుతుందా?

ఇవతలిగట్టు | సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. పోయిన నెల ఒక రోజు పొద్దున 8:30కి నది మీద వంతెన దగ్గర ఒక ట్యాంకర్ పక్కకి ఒరిగింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. మూడు లేన్లలో ఒక్కటే మూసుకుపోయింది, 9:30కల్లా దాన్ని తీసేశారు కూడా. నేను మా నాన్నగారిని డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాను. ఇల్లూ ఆసుపత్రీ రెండూ నదికి ఒకే వైపు, వంతెన ఎక్కాల్సిన పనే లేదు. 20 నిమిషాల దారి. ఆ రోజు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆయన వెనక సీట్లో కళ్లు మూసుకుని "పర్లేదురా, నెమ్మదిగానే పోనీ" అంటున్నారు, బండి అంగుళం కదలడం లేదు. ట్యాంకర్ తీసేశాక కూడా 11:30 దాకా అంతే.

ఇప్పుడు వార్డులో అందరూ కలిసి రెండో వంతెన కావాలని అర్జీ రాస్తున్నారు, నన్నూ సంతకం పెట్టమన్నారు. పెట్టే ముందు అడుగుతున్నాను. వంతెన మీద జరిగినదానికి వంతెనతో సంబంధం లేని నేను ఎందుకు ఇరుక్కున్నాను? ఇలాంటిది మళ్లీ జరిగితే తట్టుకోవాలంటే ఏం అడగాలి?

క్యూలెక్క | సోమవారం రాత్రి 10:02

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. నేను ట్రాఫిక్ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను, ఒక చిన్న లెక్క చేసి చూపిస్తాను, కాగితం మీద మీరూ వేసుకోవచ్చు.

మూడు లేన్ల రోడ్డు గంటకు సుమారు 6000 బండ్లు వదలగలదు అనుకుందాం. పొద్దున రద్దీలో 5000 వస్తున్నాయి. ఒక లేన్ మూస్తే మూడో వంతు పోతుందనుకుంటాం, కానీ పోయేది దాదాపు సగం. అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్‌లో కూడా మూడు లేన్లకి ఒకటి మూసుకుంటే మిగిలేది 49 శాతం అనే ఉంది. అందరూ ఒకే చోట పక్క లేన్లోకి దూరాలి, ఒరిగిన బండిని చూడ్డానికి స్లో చేస్తారు, అందుకు. సరే, 3000 అనుకోండి. గంటలో 2000 బండ్లు వెనక నిలిచిపోతాయి. ట్యాంకర్ తీశాక రోడ్డు మళ్లీ 6000 వదులుతుంది, కానీ కొత్తగా 5000 వస్తూనే ఉన్నాయి కాబట్టి నికరంగా తగ్గేది గంటకు 1000. ఆ 2000 కరగడానికి ఇంకో రెండు గంటలు. 9:30కి రెండు గంటలు కలపండి, 11:30. మీరు చెప్పిన టైమే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లెక్క ప్రకారం క్యూలో ఉన్న బండికి ఎక్కువలో ఎక్కువ 24 నిమిషాల ఆలస్యమే రావాలి, ఎందుకంటే అందరికంటే ఎక్కువ ఆగేది 9:06కి వచ్చి చేరినవాడు, అతని ముందు 1200 బండ్లుంటాయి, అవి గంటకు 3000 చొప్పున పోతాయి. మీకు రెండు గంటలు పట్టిందంటే అది వంతెన చేసిన ఆలస్యం కాదు. 2000 బండ్లు మూడు వరసల్లో, బండికి ఏడు మీటర్ల చొప్పున నిలబడితే నాలుగున్నర కిలోమీటర్లకు పైనే అవుతుంది. ఆ తోక వెనక్కి పాకి ఎన్ని జంక్షన్లను దాటిందో చూడండి. ఆ జంక్షన్ల మధ్యలో నిలబడిన బండ్లే మిమ్మల్ని ఆపాయి. మీది అడ్డంగా పోయే దారి.

ఇవతలిగట్టు | సోమవారం రాత్రి 10:15

అవునండీ! మేం ఆగింది నీళ్ల ట్యాంకు జంక్షన్ దగ్గర. మాకు గ్రీన్ పడేది, ఎదురుగా మధ్యలో బస్సొకటి, దాని వెనక కార్లు, మళ్లీ రెడ్. కనీసం పాతిక సార్లు గ్రీన్ చూసుంటాను.

పసుపులైటు | సోమవారం రాత్రి 11:20

సిగ్నళ్ల మెయింటెనెన్స్ నా పని. ఆ పాతిక గ్రీన్లు వృథా పోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే దీన్ని ఆపే మార్గం ఉంది, ఖరీదైనది కూడా కాదు.

సిగ్నల్ తన ముందున్న రోడ్డు నిండిందా లేదా అన్నది చూడదు, చాలా చోట్ల గడియారం ప్రకారం తిరుగుతుంది. ముందు రోడ్డు నిండిపోయినా గ్రీన్ ఇస్తూనే ఉంటుంది, జనం జంక్షన్ మధ్యలోకి వచ్చి ఆగుతారు. అవతలి వాళ్లకి దారి పోతుంది, వాళ్ల క్యూ ఇంకో జంక్షన్‌ను మూస్తుంది. నాలుగు వైపులా తిరిగి మొదటి జంక్షన్‌కే వచ్చి తగిలిందంటే ముడి పడిపోయినట్టే, ఇక ట్యాంకర్ తీసినా లాభం లేదు. మొదటి ముడి పడకుండా చూడాలి. జంక్షన్ తర్వాత రోడ్డులో ఒక డిటెక్టర్ పెట్టి, అక్కడ బండ్లు నిలబడిపోయాయని తెలిసిన వెంటనే వెనక గ్రీన్ తగ్గించాలి.

ఇంకో మెట్టు పైకి పోతే, నగరం నడిబొడ్డులోకి వచ్చే సిగ్నళ్ల దగ్గరే రద్దీని కాసేపు పట్టి ఉంచడం. 2008లో జెరోలిమినిస్, డగాంజో అనే ఇద్దరు జపాన్‌లోని యొకొహామా ట్రాఫిక్ లెక్కలతో చూపించింది ఇదే. ఒక ప్రాంతంలో బండ్లు పెరిగేకొద్దీ కొంతవరకు పని బాగా సాగుతుంది, ఒక స్థాయి దాటాక ఎన్ని ఎక్కువ బండ్లు లోపలికి తోస్తే అన్ని తక్కువ బయటికి వస్తాయి. అందుకని లోపలికి తోయకూడదు. జ్యూరిక్‌లో ఎన్నో ఏళ్లుగా సిగ్నళ్లతో ఇలా బయటే ఆపి వదులుతున్నారు. బయట ఆగిన మనిషికి మూడు నిమిషాలు కోపం వస్తుంది, నిజమే, కానీ లోపల రెండు గంటలు ఇరుక్కోడు.

మూడోలేన్ | మంగళవారం ఉదయం 6:45

అన్నా ఇవన్నీ బానే ఉన్నాయి కానీ రోడ్డు చాలనప్పుడు సిగ్నల్ ఏం చేస్తుంది? రెండో వంతెన ఉంటే ట్యాంకర్ పడ్డ రోజు సగం జనం అటు పోయేవాళ్లు. అడగడంలో తప్పేముంది, పెట్టేయండి సంతకం.

నోడుగీత | మంగళవారం ఉదయం 8:30

అడగొద్దని ఎవరూ అనడం లేదు మూడోలేన్ గారూ, కానీ ఎక్కడ కడతారు, దేనికి కలుపుతారు అన్నది వంతెనకంటే ముఖ్యం. నేను రోడ్ల నెట్‌వర్క్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

1968లో డీట్రిష్ బ్రాయెస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణమూ పెరగొచ్చని నిరూపించాడు. పాఠాల్లో చెప్పే ఉదాహరణ ఇది. 4000 మంది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలి, రెండు దారులు. ప్రతి దారిలో ఒక ముక్క వెడల్పుది, ఎంతమంది వచ్చినా 45 నిమిషాలు. ఇంకో ముక్క ఇరుకుది, దాని మీద ఉన్న బండ్ల సంఖ్యను 100తో భాగిస్తే వచ్చినన్ని నిమిషాలు. మొదటి దారిలో ఇరుకు ముక్క ముందుంది, రెండో దారిలో చివర ఉంది. చెరిసగం పోతే 2000 మందికి 20 నిమిషాలు, పైన 45, మొత్తం 65. ఇప్పుడు రెండు దారుల మధ్యలో క్షణంలో దాటే ఒక లింకు వేశారు. ప్రతివాడూ 45 నిమిషాల ముక్క తప్పించుకుందామని రెండు ఇరుకు ముక్కల మీదుగానే పోతాడు. 4000 మందికి 40, మళ్లీ 40, మొత్తం 80 నిమిషాలు. ఎవరూ తప్పు చేయలేదు, అందరికీ 15 నిమిషాలు పెరిగింది.

దీనర్థం కొత్త లింకు ఎప్పుడూ చెడ్డదని కాదు. రెండో వంతెన తెచ్చి మళ్లీ అదే నీళ్ల ట్యాంకు జంక్షన్‌లో కలిపితే ఏమీ మారదు. రెండు దారులూ ఒకే పీక గుండా పోతున్నాయంటే అవి లెక్కకి రెండు, ఆపద వచ్చినప్పుడు ఒకటే.

ఇంకొకటి, ప్రత్యామ్నాయం అంటే ఖాళీ ఉన్న దారి. 1964 నుంచి వాడుతున్న ఒక పాత సూత్రం ఉంది, రోడ్డు సామర్థ్యానికి సరిగ్గా సరిపడా బండ్లుంటే ప్రయాణ సమయం ఖాళీ రోడ్డు మీదకంటే 15 శాతం పెరుగుతుంది, ఒకటిన్నర రెట్లు వస్తే 76 శాతం, రెట్టింపు వస్తే మూడు రెట్లు దాటుతుంది. రోజూ అంచుదాకా నిండి నడిచే రోడ్డుకి డైవర్షన్ బోర్డు పెట్టడం అంటే ఉన్న సమస్యను ఇంకో వీధికి మోసుకెళ్లడమే.

కాలనీలక్ష్మి | మంగళవారం ఉదయం 9:05

ఆ ఇంకో వీధి మాదే. మెయిన్ రోడ్డు జామ్ అయిన ప్రతిసారీ ఫోన్‌లో మ్యాప్ అందరికీ మా వీధినే చూపిస్తుంది. 6 మీటర్ల వీధి, పిల్లలు ఆడుకునే చోటు, అక్కడ లారీలు. పోయినేడాది ఒక పాప కాలికి దెబ్బ తగిలింది. అందుకే చివర గేటు పెట్టుకున్నాం. నెట్‌వర్క్ కోసం గేటు తీయమంటే మా వీధిలో ఒక్కరూ ఒప్పుకోరు, ముందే చెప్తున్నా.

మూడోలేన్ | మంగళవారం ఉదయం 9:20

అక్కా మీలాంటి గేట్లు నగరంలో యాభై ఉంటే ఇక మిగిలేది ఒకటే మెయిన్ రోడ్డు కదా. అది ఆగితే అంతా ఆగుతుంది.

కాలనీలక్ష్మి | మంగళవారం ఉదయం 9:32

రోడ్డు ఆగినందుకు పిల్లలు దెబ్బలు తినాలా?

నోడుగీత | మంగళవారం ఉదయం 10:10

ఇద్దరిదీ నిజమే, నేను కావాలని మధ్యలో నిలబడటం లేదు. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి, వాళ్ల వల్ల పాపకి ప్రమాదం రాదు. కార్లకి మూసే ఉంచొచ్చు. అంబులెన్సు, ఫైర్ ఇంజన్‌కి మాత్రం తీయగలిగే స్తంభాలు పెట్టాలి, తాళం ఫైర్ స్టేషన్‌లోనూ ఉండాలి. ఈ చిన్న దారుల బలం వాటి వెడల్పులో లేదు, ఒకదానికొకటి కలవడంలో ఉంది. లక్ష్మి గారి వీధిలోకి లారీ రానక్కర్లేదు, కానీ మెయిన్ రోడ్డులో ఇరుక్కున్న ఇవతలిగట్టు గారి నాన్నగారిని ఎక్కించుకున్న అంబులెన్సు రాగలగాలి.

కాలనీలక్ష్మి | మంగళవారం ఉదయం 10:40

అంబులెన్సుకైతే ఎవరూ వద్దనరు. తాళం ఇంకొకరి దగ్గర ఉంచడం గురించి మా సంఘంలో అడుగుతాను.

సైరన్ | మంగళవారం మధ్యాహ్నం 1:15

అంబులెన్సు డ్రైవర్‌ని. తాళం మాట చూసి రాస్తున్నాను. ఒక రాత్రి పేషెంట్‌ని ఎక్కించుకుని అలాంటి గేటు ముందు ఆగాను, వాచ్‌మన్ తాళంచెవి కోసం వెళ్లాడు. నాలుగు నిమిషాలు. లోపల పేషెంట్ భార్య ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని నన్ను అద్దంలో చూస్తూనే ఉంది. ఆయన బతికారు, కానీ ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

పెద్ద ఆపద వచ్చినప్పుడు మాకు ఏ దారి ఖాళీ చేస్తారో ముందే రాసి ఉండాలి. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబెలో భూకంపం వచ్చినప్పుడు ఎత్తు మీద కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే పక్కకి పడిపోయింది, కింది రోడ్లన్నీ సొంత బండ్లతో నిండి ఫైరింజన్లు అందలేకపోయాయి. ఇప్పుడు టోక్యోలో పెద్ద భూకంపం వస్తే ఏడో రింగు రోడ్డు లోపలికి మామూలు బండ్లను రానివ్వకూడదని ముందే నియమం ఉంది. ఆ రోజు ఎవరూ కూర్చుని చర్చించక్కర్లేదు. మనకి అంత పెద్దది అక్కర్లేదు, ట్యాంకర్ పడితే ఏ రెండు రోడ్లు అంబులెన్సుకి వదలాలో కంట్రోల్ రూమ్ గోడ మీద ఉంటే చాలు.

డిపోపెద్దాయన | మంగళవారం సాయంత్రం 5:50

బస్సుల గురించి ఒక్కరూ మాట్లాడలేదేంటి బాబూ. ముప్ఫై ఏళ్లు డిపోలో షెడ్యూళ్లు వేసి రిటైరయ్యాను. వంతెన మీద ఒక లేన్ మిగిలితే అందులో కార్లు పోతే గంటకు రెండు వేల మంది పోతారేమో, బస్సులు వరసగా పోతే అంతకి ఎన్నో రెట్లు. ఆపద రోజున మొదట కాపాడాల్సింది బస్సునే. మనం ఎప్పుడూ దాన్నే ముందు ఆపేస్తాం.

2012 అక్టోబర్‌లో శాండీ తుఫాను న్యూయార్క్ సబ్‌వే సొరంగాల్లో నీళ్లు నింపినప్పుడు వాళ్లు రెండు పనులు చేశారు. బ్రూక్లిన్ నుంచి మన్‌హాటన్‌కి వంతెనల మీదుగా బస్సులు తిప్పారు, ముగ్గురికంటే తక్కువ మంది ఉన్న కార్లను చాలా దారుల్లో మన్‌హాటన్‌లోకి రానివ్వలేదు. రోడ్డు పెరగలేదు, ఉన్న రోడ్డుని ఎవరికిచ్చారన్నదే మారింది.

డిపో వైపు నుంచి ఇంకో మాట. జామ్‌లో బస్సు ఇరుక్కుంటే అవతలి చివర మనిషి బస్సు కోసం నిలబడే ఉంటాడు. రెండు మూడు ఖాళీ బస్సులు, డ్రైవర్లతో సహా, వంతెనకి రెండు వైపులా ఉంచుకుంటే అటువి అటే, ఇటువి ఇటే సగం దారిలో తిప్పుకోవచ్చు, జనం మధ్యలో నడిచి దాటతారు. ఆ బస్సులు మిగతా రోజుల్లో ఊరికే నిలబడి ఉన్నాయని ఆడిటర్ రాస్తాడు. రాయనీ. నేను చాలాసార్లు పోట్లాడాను, రెండుసార్లే గెలిచాను.

వాననీరు | మంగళవారం రాత్రి 8:25

ట్యాంకర్ ఎప్పుడో పడుతుంది, వాన ప్రతి ఏడాదీ పడుతుంది. డ్రైనేజీ ఇంజినీరుగా చెప్తున్నాను, నగరంలో రోడ్డు మూతపడే చోట్లు ముందే తెలుసు, అండర్‌పాస్‌లు, పాత కల్వర్టులు, అవే పది పన్నెండు చోట్లు. వానాకాలానికి ముందు అక్కడ నీళ్లు దిగే జాలీలు శుభ్రం చేసి, పంపుకి వేరే కరెంటు లైను ఇస్తే, కొత్త రోడ్డు వేసినంత మేలు. కౌలాలంపూర్‌లో 2007లో తెరిచిన 9.7 కిలోమీటర్ల సొరంగం మామూలు రోజుల్లో కొంత భాగం కార్లకి, పెద్ద వరద వస్తే మొత్తం నీళ్లకి. అలాంటిది అందరూ కట్టలేరు, కానీ ఏ రోడ్డు ఎంత నీటికి మూయాలి, ఎవరు మూస్తారు అన్నది ముందే నిర్ణయించుకున్న తీరు మనం నేర్చుకోవచ్చు. అండర్‌పాస్ గోడ మీద నీటిమట్టం గీతలు గీసి, ఈ గీత దాటితే గేటు వేయాలి అని రాసి ఉంచితే ప్రాణాలు దక్కుతాయి.

పసుపులైటు | మంగళవారం రాత్రి 9:00

వాననీరు గారు కరెంటు అన్నారు కాబట్టి. గాలివానలో మొదట పోయేది సిగ్నళ్ల కరెంటే. 2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో కరెంటు పోయినప్పుడు న్యూయార్క్‌లో వేల సిగ్నళ్లు ఒకేసారి ఆరిపోయాయి. ఎల్ఈడీ లైట్లు వచ్చాక ఒక జంక్షన్‌ను బ్యాటరీ మీద కొన్ని గంటలు నడపడం సులువైంది. నేను చూసే పెట్టెల్లో బ్యాటరీ ఉంటుంది, మూత తీస్తే పైన తెల్లటి పొడి పట్టి ఉంటుంది, చాలా వాటిని పెట్టిన రోజు నుంచి ఎవరూ ముట్టలేదు. ఏడాదికి ఒకసారి లోడు పెట్టి పరీక్షించాలి, అదొక్కటీ అర్జీలో రాయండి. అన్నట్టు రౌండ్ జంక్షన్లకి కరెంటు అక్కర్లేదు.

మూడోలేన్ | మంగళవారం రాత్రి 9:40

సరే ఒప్పుకుంటున్నా, నేను వంతెన ఒక్కటే అనుకున్నాను. కానీ వంతెనే కూలిపోతే? అప్పుడు ఈ చిన్న చిన్న పనులు ఏం చేస్తాయి?

క్యూలెక్క | మంగళవారం రాత్రి 11:05

2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో రోజుకు సుమారు 1,40,000 బండ్లు పోయే వంతెన నదిలో కూలింది, 13 మంది చనిపోయారు. కొత్తది 2008 సెప్టెంబరు 18న తెరిచారు. ఆ 13 నెలలూ నగరాన్ని నడిపినవి ఆ చిన్న పనులే. పక్కనున్న పెద్ద రోడ్డులో అంచు భాగాన్ని కలిపేసుకుని, గీతలు మళ్లీ గీసి ఒక లేన్ పెంచారు. ఇంకో రోడ్డు మీద అడ్డంగా వచ్చే జంక్షన్లను మూసేసి సిగ్నల్ లేకుండా సాగేలా చేశారు. రంగు, బారికేడ్లు, బోర్డులు. నోడుగీత గారు చెప్పిన ఖాళీ అక్కడ ముందే ఉంది కాబట్టి అది కుదిరింది.

తొందరగా తిరిగి తెరవడం కూడా ఒక విద్య. 2023 జూన్ 11న ఫిలడెల్ఫియాలో ట్యాంకర్ మంటల్లో పెద్ద రహదారి ముక్క కూలితే, వంతెన మళ్లీ కట్టేదాకా ఆగకుండా, గాజు వ్యర్థాలతో చేసిన తేలికపాటి కంకరతో ఆ గుంట పూడ్చి పైన రోడ్డు వేసి జూన్ 23కల్లా బండ్లు వదిలారు.

ఇవతలిగట్టు గారూ, మీ అర్జీలో నేను ఒక్కటే అడుగుతాను, వంతెనకి రెండు వైపులా రద్దీ టైములో ఒక్కో రికవరీ క్రేన్ నిలబెట్టమని. క్రేన్ ఒకే వైపు ఉంటే అది కూడా అదే జామ్‌లోంచి రావాలి. నిన్నటి లెక్కలో ట్యాంకర్‌ని గంటకి బదులు అరగంటలో తీస్తే క్యూ 2000 కాదు, 1000. జామ్ మొత్తం మూడు గంటలు కాదు, గంటన్నర. జనం అందరూ పోగొట్టుకున్న గంటలు కలిపితే సగం కాదు, నాలుగో వంతే అవుతాయి, ఎందుకంటే క్యూ పొడవూ సగమే, ఉన్నంతసేపూ సగమే. తోక కూడా రెండున్నర కిలోమీటర్లు దాటదు.

ఇవతలిగట్టు | శనివారం సాయంత్రం 6:30

అందరికీ ధన్యవాదాలు. మాట వరసకి కాదు, ఈ నాలుగు రోజులూ మీరు చెప్పినవి పట్టుకుని బండి మీద తిరిగాను. వంతెన నుంచి మీటరు పెట్టుకుని వెనక్కి వచ్చాను, నీళ్ల ట్యాంకు జంక్షన్ 3.1 కిలోమీటర్ల దగ్గర ఉంది. అంటే అరగంటలో తీసుంటే తోక మా దాకా వచ్చేదే కాదు. అక్కడే నిలబడి చాలాసేపు ఆ సిగ్నల్ చూశాను.

రెండో వంతెన అర్జీకి సంతకం పెట్టాను, కింద విడిగా ఇంకో కాగితం జోడించాను. రెండు వైపులా క్రేన్లు, జంక్షన్ అవతల డిటెక్టర్, బ్యాటరీ పరీక్ష, ఆపద రోజున ఒక లేన్ బస్సులకి, అంబులెన్సు దారుల జాబితా. డిపో పెద్దాయన గారూ, ఖాళీ బస్సుల మాట మీరన్నట్టే రాశాను, ఒక్క ముక్క మార్చలేదు. ఇంకోటి కూడా కనిపించింది, జంక్షన్‌కి 200 మీటర్ల ముందు ఆసుపత్రి వెనక గోడ దాకా వచ్చి ఆగిపోయే వీధి ఒకటుంది. మధ్యలో పాత కాలువ, అటూ ఇటూ కలిపి 12 మీటర్ల వెడల్పు. దాని మీద అంబులెన్సు పట్టేంత కల్వర్టు వేయొచ్చా వాననీరు గారూ? ఫొటోలు పెట్టమంటే రేపు పొద్దున వెలుతురులో తీసి పెడతాను.

వాననీరు | శనివారం రాత్రి 7:15

పెట్టండి. కాలువ లోతు, వాన పడ్డప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో గోడ మీద మరక కూడా కనిపించేలా తీయండి, ఆ మరకని బట్టే కల్వర్టు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పగలను.